అంబారుపేట దగ్గర ఆగే కారు

జగ్గయ్యపేట,
9-4-1962

ప్రియమైన కృపావతికి,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, మామయ్య గారు క్షేమమని తలుస్తాను.

నిన్న ఆరాధన ముగిసిన వెంటనే నీ కోసం బయలుదేరాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మామయ్యకని అరటిపళ్ళు కొన్నాను. చిల్లకల్లు దాటాను, గౌరవరం దాటాను, అంతవరకూ కారు గుర్రంలా వచ్చింది. అంబారుపేట పొలిమేరలో ఆగిపోయింది. మార్చిలో రెండుసార్లు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే, ఆ తాటిచెట్ల దగ్గర.

ఇంజను మూత ఎత్తి పెట్రోలు పంపు మీద తడి గోనెగుడ్డ వేశాను. ఎండాకాలం వస్తే ఈ తాలూకాలో ఏ టాక్సీ డ్రైవరైనా చేసేది అదే కదా. ఎండకు పెట్రోలు ఆవిరైపోతుంది, గుడ్డ వేస్తే చల్లబడుతుంది. గంటకు గాని ఇంజను పలకలేదు. అప్పటికే ఎండ మండిపోతోంది. మళ్ళీ ఆగితే దిక్కెవరని వెనక్కి వచ్చేశాను. అరటిపళ్ళు దారిలో గొర్రెల కాపరులకు ఇచ్చాను.

అలిగి వెళ్ళిన భార్యను భర్తే వచ్చి తీసుకుపోవాలన్నది మీ ఇంటి పద్ధతి. మీ అమ్మను కూడా మామయ్య అలాగే తెచ్చుకున్నారని నువ్వే చెప్పావు. నేను కాదనడం లేదు. మూడుసార్లు బయలుదేరాను. కారు రాకపోతే నేనేం చేసేది? ఈ ఒక్కసారికి నువ్వే బస్సెక్కి రాకూడదా? రెండు నెలలు కావస్తోంది.

వెనక సీటు సందులో నీ జడపిన్ను దొరికింది. ముక్త్యాల నుంచి ఎక్కిన ఒకావిడ తీసి ఇచ్చింది. డాష్‌బోర్డు అరలో పెట్టాను.

ఇట్లు,
నీ భర్త
ఏసురత్నం


నందిగామ,
13-4-1962

ఏసురత్నం గారికి,

కృపావతి వ్రాయునది.

ఉత్తరం అందింది. ముక్త్యాలకు పోయే కారు, వత్సవాయికి పోయే కారు, నందిగామకు మాత్రం రానంటోందన్న మాట. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పి చూడండి, నవ్వుతారు.

అంబారుపేట నుంచి నాన్న రిపేరు షెడ్డుకు మూడు మైళ్ళు. నడిస్తే గంట. ఆ గంటా మీరు గోనెగుడ్డ వంక చూస్తూ కూర్చున్నారు. గొర్రెల కాపరులు అరటిపళ్ళు తిన్నందుకు సంతోషం.

బస్సులో రాను. ఒంటరిగా బస్సులో వచ్చిన దారి ఒకసారికి చాలు. వత్సవాయి పెళ్ళికి వెళ్తూ అంతమంది ముందు మీరన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. దాని గురించి ఇక్కడ రాయను.

మీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. యుద్ధంలో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చిన మనిషి కదా, ఆగిపోయిన బండి అంటే అల్లుడి తప్పులు కూడా పక్కన పెట్టేస్తారు. కొన్ని సంగతులు అడగమన్నారు. ఆగే ముందు ఇంజను దగ్గి దగ్గి ఆగుతుందా, దీపం ఊదినట్టు ఒక్కసారిగా ఆగుతుందా? బయలుదేరిన ఎంతసేపటికి ఆగుతోంది? దగ్గర కిరాయిల్లో ఎప్పుడైనా ఆగిందా? చలికాలంలో దూరం వెళ్ళారా, వెళ్తే ఏమైంది? కరెంటును తెంపి కలిపే పాయింట్లు నల్లగా మాడాయా, శుభ్రంగా ఉన్నాయా?

నిజం రాయండి. ఇంజను గురించైనా.

కృపావతి


జగ్గయ్యపేట,
17-4-1962

ప్రియమైన కృపకు,

"ఇంజను గురించైనా" అన్నావు. బాగానే తగిలింది. అయినా నీ దగ్గర నుంచి ఉత్తరమంటూ వచ్చింది, అదే పదివేలు. స్టాండులో అందరి ముందూ విప్పలేక కారులో కూర్చుని అద్దాలు ఎక్కించుకుని చదివాను. చెమటకు సగం అక్షరాలు అలుక్కుపోయాయి.

మామయ్య అడిగిన వాటికి జవాబులు రాస్తున్నాను. దగ్గదు, తుమ్మదు. ఒక్కసారిగా ఆగుతుంది. బయలుదేరిన ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూ. ముక్త్యాల, వత్సవాయి కిరాయిల్లో ఒక్కసారీ ఆగలేదు. అవి అరగంట దారులే, అక్కడ దిగి జనం పని చూసుకునే లోపల కారు చెట్టు నీడన ఉంటుంది. జనవరిలో బెజవాడ రెండుసార్లు వెళ్ళి వచ్చాను, కిక్కురుమనలేదు. పాయింట్లు అద్దంలా ఉన్నాయి.

మా స్టాండు పక్క మెకానిక్కు సుబ్బరాయుడు నీకు తెలుసుగా. పంపు విప్పి లోపలి తోలు మార్చాడు, ప్లగ్గులు గీకాడు. తెచ్చి చూపించిన ప్రతిసారీ కారు చక్కగా తిరుగుతుంది. "నీ కారుకి ఏ రోగమూ లేదోయ్ రత్నం, నీకే అత్తారింటికి పోబుద్ధి కాట్లేదు" అంటున్నాడు. స్టాండంతా అదే మాట.

ఎల్లుండి కాక ఆ మర్నాడు గుడ్ ఫ్రైడే. ఆదివారం తెల్లవారుజామున పండుగ పాటలకు మా సంఘంలో ఎత్తుకునే గొంతు నీదే. ఈసారి ఎవరు ఎత్తుకుంటారో తెలియదు. ఎవరు ఎత్తుకున్నా నాకు వినబుద్ధి కాదు.

నీ
ఏసురత్నం


నందిగామ,
23-4-1962

ఏమండీ,

నిన్న పండుగ ఆరాధనకు చీకటితోనే లేచి వెళ్ళాను. ఇక్కడ కూడా నన్నే ఎత్తుకోమన్నారు. మొదటి మాట పాడగానే మగవాళ్ళ వైపు చూశాను. మీరు శ్రుతి తప్పి పాడుతూ ఉంటారు కదా, చూసి నవ్వడం అలవాటు. ఎవరూ తప్పలేదు. ఏడుపొచ్చింది.

కారు సంగతి. నాన్న అంటున్నారు, ఇది వేడికి వచ్చి చల్లదనానికి పోయే రోగమట. చల్లబడిన ఇంజనును షెడ్డులో ఎంత చూసినా జ్వరం దిగాక డాక్టరు దగ్గరకు వెళ్ళినట్టే. ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే చూడాలి. మీ గోనెగుడ్డ మహిమ కూడా గుడ్డది కాదు, గంటది. ఆ గంటలో పంపుతో పాటు పక్కనున్నవన్నీ చల్లబడుతున్నాయి.

పెట్రోలు అందకపోతే ఇంజను దగ్గుతూ ఆగుతుంది. ఒక్కసారిగా ఆగిందంటే నిప్పు లేదన్నమాట. పాయింట్లు మాడలేదు కాబట్టి వాటిని మాడకుండా కాపాడే కండెన్సరు మంచిదే. ఇక మిగిలింది కాయిలు. బ్యాటరీ కరెంటును పెంచి ప్లగ్గుల్లో నిప్పు పుట్టించే ఆ నల్ల డబ్బా. లోపల వెంట్రుకంత సన్నం తీగ చుట్టి ఉంటుంది. అది వేడికి ఎక్కడో విడిపోయి, చల్లబడితే మళ్ళీ అంటుకుంటూ ఉండాలి.

ఇలా చేయండి. ఇంటి దగ్గర బయలుదేరే ముందు, కాయిలు నుంచి వచ్చే లావు వైరును అవతలి కొస ఊడదీసి, ఇంజను ఇనుముకు వడ్లగింజ ఎడంలో పట్టుకోండి. ఎవరినైనా ముందువైపు హ్యాండిలు పెట్టి ఇంజను తిప్పమనండి. నిప్పు ఏ రంగులో వస్తుందో, చప్పుడు చేస్తుందో లేదో గుర్తుంచుకోండి. దారిలో ఆగగానే మళ్ళీ అదే పని చేయండి. నిప్పు రాకపోతే, తడి గుడ్డ ముందు పంపు మీద వేసి చూడండి, ఆ తర్వాత కాయిలు మీద వేయండి. దేనికి పలికితే రోగం అక్కడ.

చేతికి పొడి గుడ్డ మందంగా చుట్టుకోండి. గట్టిగా కొడుతుంది. జాగ్రత్త.

జాగ్రత్త అన్నది నాన్న కాదు.

ఆదివారం పూట రోడ్డు మీద హారను వినబడితే చేతిలో పని ఆగిపోతోంది. మీ హారను రెండోసారి నొక్కితే బొంగురుపోతుంది. ఇప్పటివరకు వచ్చినవన్నీ మంచి గొంతులే.

కృపావతి


జగ్గయ్యపేట,
30-4-1962

ప్రియమైన కృపకు,

మామయ్య చెప్పింది చెప్పినట్టు చేశాను. నిన్న బయలుదేరే ముందు సుబ్బరాయుడిని హ్యాండిలు తిప్పమని వైరు పట్టుకున్నాను. నీలంగా, లావుగా, టపటపమని దూకింది నిప్పు. "ఇంత నిప్పు పెట్టుకుని కాయిలు అంటాడేంటి మీ మామ?" అన్నాడు వాడు.

తాటిచెట్ల దగ్గర ఆగింది. దారిన పోయే రైతు ఒకాయన హ్యాండిలు తిప్పి పెట్టాడు. వైరు పట్టుకున్నాను. వడ్లగింజ ఎడం కాదు, ఇనుముకు ఆనించినంత పని చేస్తే ఎర్రగా దారప్పోగులా ఒకటి వచ్చి ఆరిపోయింది. చప్పుడు లేదు. పంపు మీద తడి గుడ్డ వేసి పది నిమిషాలు చూశాను. పలకలేదు. గుడ్డ తీసి మళ్ళీ తడిపి కాయిలుకు చుట్టాను. పొయ్యి మీద పెనంలా చుయ్యిమంది. రెండుసార్లు నీళ్ళు పోశాను. అయిదు నిమిషాల్లో వైరు కొసన నీలం నిప్పు దూకింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

కృపా, కాయిలే. అనుమానం లేదు. ఇంటికొచ్చాక చూస్తే దాని అడుగున తారు కారి ఎండి ఉంది. సుబ్బరాయుడికి చూపిస్తే వేలితో గీకి చూశాడు.

మామయ్యకు నా వందనాలు.

నీ
ఏసురత్నం


నందిగామ,
4-5-1962

ఏమండీ,

నిప్పు రంగు రాశారు. చప్పుడు రాశారు. గుడ్డ చుయ్యిమన్నది కూడా రాశారు. ఇంజను అందుకున్నాక కారు ఎటు తిప్పారో రాయలేదు.

మూడు మైళ్ళు. కాయిలు చల్లగా ఉంది, గుడ్డ తడిగా ఉంది. ఎదురుగా నేనున్నాను. మీ ఉత్తరం పైన మాత్రం జగ్గయ్యపేట అని ఉంది.

మా పక్కింటి ఆరోగ్యమ్మత్త ఆ ఆదివారం మధ్యాహ్నం ఇక్కడి ఆసుపత్రి గోడ పక్కన మీ కారు లాంటిది చూశానంది. నేను నమ్మలేదు. "మా ఆయన కారు అంబారుపేట దాటదత్తా" అన్నాను.

రోగం తెలిసిపోయింది. ఇక తప్పు మోపడానికి మీకు కారు కూడా లేదు. చెప్పండి, ఎందుకు రాలేదు?

కృపావతి


జగ్గయ్యపేట,
20-5-1962

కృపా,

పదిహేను రోజుల నుంచి కలం తీసి పెట్టేస్తున్నాను. ఈరోజు రాయకపోతే ఇంకెప్పటికీ రాయలేను.

ఆరోగ్యమ్మత్త చూసింది నా కారే.

మొదటి నుంచీ చెబుతాను. వత్సవాయి పెళ్ళి రోజు కారులో ఏడుగురం. ఎత్తు ఎక్కుతుంటే ఇంజను ఒక్క క్షణం తప్పింది. వెనక నుంచి నువ్వు "కాయిలు వేడెక్కుతోందండి, ఒకసారి చూడండి" అన్నావు. నేను "పొయ్యి సంగతి నువ్వు చూసుకో, ఇంజను సంగతి నేను చూసుకుంటా" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అద్దంలో నీ ముఖం కనబడింది, అయినా నవ్వు ఆపలేదు.

మార్చిలో తాటిచెట్ల దగ్గర మొదటిసారి ఆగినప్పుడే నువ్వన్నది నిజమేమో అనిపించింది. చెయ్యి కాయిలు దాకా వెళ్ళింది. ముట్టుకోలేదు. ముట్టుకుంటే నువ్వు గెలుస్తావు. అందుకని గోనెగుడ్డ తీసుకెళ్ళి పంపు మీదే వేశాను. కారు పలికాక నీ వైపు రావడానికి ముఖం చెల్లలేదు. ఆగిందని చెప్పాలి, ఎందుకు ఆగిందంటే నువ్వు అడుగుతావు. మూడుసార్లూ అంతే. కారు ఆగిన మాట నిజం, కారు వల్ల రాలేకపోయానన్నది అబద్ధం.

నాలుగోసారి వచ్చాను. కాయిలు అని తేలిపోయింది కదా, మామయ్యతో చెప్పి, ఆయన ముందే నీకు క్షమాపణ చెబుదామని ధైర్యం చేశాను. ఆసుపత్రి గోడ పక్కన కారు నిలిపి నడిచి వచ్చాను. మీ షెడ్డు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడిపోయాను.

లారీ ముందు స్టూలు ఎక్కి నువ్వున్నావు. కొంగు బిగించి ఉంది, మోచేతుల దాకా నల్లటి నూనె. మామయ్య నులక మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది, మూతి ఒక పక్కకు ఉంది. లారీ డ్రైవరు "శాంతయ్య గారూ, ఏమంటారండీ?" అని అడిగాడు. నువ్వు ఆయన వంక తిరిగి ఒక్క నిమిషం ఆగి, "వాల్వులు బిగుసుకున్నాయంటున్నారు నాన్న" అన్నావు. ఆయన పెదవి కదలలేదు కృపా. నేను చూస్తూనే ఉన్నాను, కదలలేదు.

నాకు వచ్చిన ఉత్తరాల్లో "నాన్న అంటున్నారు" అన్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నేను కూడా ఆ లారీ డ్రైవరు లాంటివాడినే అన్నమాట. వాడు పరాయివాడు, వాడికి తెలియదు. నాకేం వచ్చింది?

టీ చల్లారిపోయింది. రోడ్డు దాటకుండానే వెనక్కి వచ్చేశాను. మంచాన పడ్డ మామయ్యను, నడుస్తున్న షెడ్డును వదిలి జగ్గయ్యపేట రమ్మని ఏ నోటితో అడగను?

ఇంకొక మాట. కిందటేడు, వెనక సీటులో దొరికిన ఆ జడపిన్నుతోనే నువ్వు కార్బురేటరు సన్న రంధ్రం శుభ్రం చేశావు, నేను స్నానానికి వెళ్ళినప్పుడు. వారం రోజులు కారు ఎంత బాగా లాగిందో. నా డ్రైవింగు గొప్పని స్టాండులో చెప్పుకున్నాను.

ఇప్పుడు నువ్వు రానక్కర్లేదు. నన్ను రమ్మంటావా? టాక్సీ స్టాండు నందిగామలోనూ ఉంది. రావద్దంటే రాను. కానీ నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఉండలేకపోతున్నాను, అది మాత్రం నిజం. ఇంజను గురించి కాదు.

ఏసురత్నం


నందిగామ,
9-6-1962

ఏమండీ,

మీ ఉత్తరం రోజుకు ఒకసారి చదువుతూ వచ్చాను. ఇప్పటికి కాగితం మడతల దగ్గర చిరిగింది. అందుకే జవాబు ఆలస్యం.

నేను ఇక్కడికి వచ్చిన పదో రోజున నాన్నకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. అన్నీ తెలుస్తాయి, చెప్పలేరు. మీకు తెలియనివ్వొద్దని జగ్గయ్యపేట బస్సు నడిపే స్తెఫను చేత ఒట్టు వేయించుకున్నాను. తెలిస్తే మర్నాడే వస్తారు, నాకు తెలుసు. అలా రావడం నాకు వద్దు. మంచాన పడ్డ మామ కోసం ఎవరైనా వస్తారు. నా కోసం రావాలని కోరుకున్నాను. తప్పయితే తప్పే.

షెడ్డు ముయ్యాలని అందరూ అన్నారు. ఆడదాని చేతికి బండి ఎవరిస్తారన్నారు. నాన్నను మంచంతో సహా తెచ్చి షెడ్డులో కూర్చోబెట్టాను. వచ్చినవాళ్ళు ఆయన్ని అడుగుతారు, నేను చెబుతాను. ఒక్కరూ అనుమానించలేదు. నేను తప్పు చెబితే మాత్రం నాన్న ఎడమచేత్తో మంచం కోడును కొడతారు. ఇప్పటికి రెండుసార్లు కొట్టారు. మీ కాయిలు సంగతి చదివి వినిపించినప్పుడు కొట్టలేదు.

నేను చెబితే మీరు చెయ్యరని నాన్న పేరు పెట్టాను. ఆ ఒక్క మాట రాసినప్పుడల్లా నాకెంత కష్టంగా ఉండేదో మీకు తెలియదు. నిప్పు నీలంగా దూకిందని మీరు రాస్తే ఎగిరి గంతేశాను. కిందనేమో "మామయ్యకు నా వందనాలు" అని ఉంది. ఆ కాగితం తీసి పొయ్యిలో పెట్టబోయాను. పెట్టలేదు.

రండి. షెడ్డు పక్కన కారు నిలుపుకోవడానికి చోటుంది. మూత ఎత్తేది మాత్రం నేను.

నాన్న పెట్టెలో మంచి కాయిలు ఒకటి ఉంది. దాన్ని పంపడం లేదు. పాత దానితోనే బయలుదేరండి. పెళ్ళి రోజు కారులో నవ్విన వాళ్ళలో ఎవరు దొరికితే వాళ్ళని ఎక్కించుకోండి, సుబ్బరాయుడిని కూడా. తాటిచెట్ల దగ్గర ఆగుతుంది కదా, ఆగనివ్వండి. గుడ్డ వేయకండి. ఆరోగ్యమ్మత్తను నాన్న దగ్గర కూర్చోబెట్టి, కొత్త కాయిలు, స్పానరు పట్టుకుని నేనే వస్తాను. వాళ్ళంతా చూస్తుండగా బిగిస్తాను. మీరు హ్యాండిలు తిప్పుదురుగాని.

మూడు మైళ్ళేగా. నేను నడవగలను.

మీ
కృప


జగ్గయ్యపేట,
14-6-1962

కృపా,

కార్డు ముక్కే దొరికింది. ఈ ఆదివారం ఆరాధన కాగానే బయలుదేరుతున్నాం. సుబ్బరాయుడు వస్తున్నాడు. పెళ్ళికి వచ్చిన వాళ్ళలో ఇద్దరు దొరికారు. ఎందుకని అడిగితే, "ఆ రోజు మా ఆవిడ చెప్పింది నిజమని చూపిస్తా, రండి" అన్నాను. ఇంకేమీ దాచలేదు.

ఒక్కటే భయం. నిన్న సాయంత్రం తొలకరి పడింది. గాలి చల్లబడింది. ఈసారి కారు ఆగకుండా వచ్చేస్తుందేమో.

ఆగకపోతే తాటిచెట్ల దగ్గర తాళం తిప్పి నేనే ఆపుతాను. వాళ్ళని కారులోనే కూర్చోమని నీకు ఎదురు నడిచి వస్తాను. దిగే ముందు హారను రెండుసార్లు కొడతాను. మూడు మైళ్ళు వినబడదని తెలుసు. అయినా కొడతాను.

నీ రత్నం